ఆదివారం నేత కూటం: వారం వారం కలిసి ఏం చేద్దాం?

కదురు (సికింద్రాబాద్) · సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం. నిన్నటి కూటానికి వచ్చినవాళ్ళు చూసే ఉంటారు. హాలు నిండా మనుషులు, మగ్గాలేమో మూడు. ఒకళ్ళు నేస్తుంటే మిగతావాళ్ళు చుట్టూ నిలబడి ఫొటోలు తీశారు. నాలుగింటికల్లా సగం మంది సర్దుకున్నారు. పాపం వాళ్ళని అనడానికి లేదు, చేతికి పని లేకుండా ఎంతసేపు కూర్చుంటారు?

ఇంకో రెండు మగ్గాలు కొందామని కొందరు అంటున్నారు. టేబుల్ మీద పెట్టుకునే చిన్నవైనా చవగ్గా రావట్లేదు, పైగా హాలులో బీరువా పక్కన ఇప్పటికే చోటు లేదు. డబ్బు తీసేముందు అడుగుతున్నా: వారం వారం కలిసి అసలు ఏం చేయాలి? మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో ఎలా జరిగేదో చెప్పండి. ఊరికే "సూపర్ అక్కా" అని పెట్టి పోవద్దు.

కొత్తపోగు · సోమవారం ఉదయం

ఫొటోలు తీసిన బ్యాచ్‌లో నేనూ ఉన్నానండీ. రెండు వారాలుగా వస్తున్నా, ఇంకా నాడె (అడ్డపోగును అటూ ఇటూ తోసే పడవలాంటి సాధనం) పట్టుకోలేదు. అడగాలంటే మొహమాటం. మగ్గం మీద ఉన్నవాళ్ళు మంచి ఊపులో ఉంటారు, లేవమని ఎలా అంటాం?

గుంటమగ్గం · సోమవారం మధ్యాహ్నం

మాది మంగళగిరి. నేను ఉద్యోగం కోసం ఇటు వచ్చేశాను కానీ నాన్న ఇంకా గుంటమగ్గంలోనే, అదే గుంట తవ్వి కాళ్ళు దించి నేసే మగ్గంలోనే, కూర్చుంటున్నారు. కొత్త మగ్గాలు వద్దంటాను, ఎందుకో చెప్తా.

మా ఇంట్లో నేత ఎప్పుడూ ఒంటరి పనే. మగ్గంలో కూర్చునేది ఒక్కడే, పక్కన ఇంకొకరు ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు. పదిమంది కలిసి చేసేదంతా అంతకుముందు జరిగే పని. చిలపలు (నూలు చుట్టలు) విప్పి చుట్టడం, పడుగు (నిలువు పోగులు) పోయడం, వీధిలో సాగదీసి గంజి పెట్టడం, అచ్చు (పోగుల్ని విడదీసే దువ్వెనలాంటిది) అతకడం, కండెలు (నాడెలో పెట్టే దారం చుట్టలు) చుట్టడం.

వీధిలో గంజి పెట్టడం చూసినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో తెలియదు. తెల్లవారకముందే మొదలుపెట్టాలి. ఎండ ఎక్కితే గంజి గబగబా ఆరిపోయి పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పడుగుని వీధి పొడుగునా కర్రల మీద బిగించి సాగదీస్తారు. ఇద్దరు చెరో పక్క నిలబడి పెద్ద కుంచె పట్టుకుని, ఒకే నడక, ఒకే ఒత్తిడి, ఈ చివర నుంచి ఆ చివరకు దువ్వుకుంటూ పోవాలి. వెనక వచ్చేవాళ్ళ కళ్ళు పోగుల మీదే ఉంటాయి. తెగినది కనబడితే అక్కడికక్కడే ముడి. చిన్నప్పుడు నా డ్యూటీ మేకల్ని తోలడం. ఎక్కడ గంజి వాసన వస్తే అక్కడ తయారయ్యేవి.

ఈ పని ఒక ఇంటివాళ్ళతో అయ్యేది కాదు. ఇవాళ మన పడుగుకు పక్కింటివాళ్ళు వస్తే రేపు వాళ్ళ పడుగుకు మనం పోవాలి. పోకపోతే వచ్చేసారి మనం ఒక్కళ్ళమే వీధిలో నిలబడతాం. రెండిళ్ళ మధ్య మాటలు లేకపోయినా పడుగుకు మాత్రం పోయేవాళ్ళు.

అందుకని నా సలహా, ఆదివారం పూట నేత పెట్టకండి. పడుగు పని పెట్టండి. మగ్గం మాత్రం ఇళ్ళకు పంపండి.

లెక్కల మాస్టారు · సోమవారం రాత్రి

గుంటమగ్గం బాబు చెప్పింది లెక్క వేసి చూపిస్తాను, కొత్తవాళ్ళకు ఎక్కుతుంది.

గజం పొడుగు, 18 అంగుళాల వెడల్పు ఉండే చేతి తువ్వాళ్ళు ఐదు నేయాలి అనుకుందాం. నూలు 20 నంబరు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) రెండు పోగులు పెనవేసినది. సాదా నేతకు అంగుళానికి 24 పోగులు సరిపోతాయి. అంటే పడుగులో 432 పోగులు. తువ్వాళ్ళకు ఐదు గజాలు, ముందూ వెనకా మగ్గానికి కట్టడానికీ, కుదింపుకీ ఇంకో గజంన్నర. 432ను 6.5తో గుణిస్తే 2,808 గజాలు. ఈ నూలు పౌనుకు (454 గ్రాములకు) 8,400 గజాలు వస్తుంది కాబట్టి పడుగు బరువు 150 గ్రాములు దాటుతుంది. పేకకు (అడ్డపోగుకు) ఇంచుమించు అంతే, కాస్త తక్కువ. మొత్తం 300 గ్రాముల లోపు. చిలప ఒకటి రెండు ఎక్కువే తెచ్చుకోండి, రంగు నూలు మళ్ళీ అదే ఛాయలో దొరకడం మన అదృష్టం మీద ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ 432 పోగుల్లో ప్రతి ఒక్కదాన్నీ ముందు పోగుల్ని పైకి లేపే దారాల కంట్లోంచి, తర్వాత అచ్చు పళ్ళ సందులోంచి లాగాలి. 864 సార్లు. ఒక్కళ్ళే చేస్తే మెడ పట్టేస్తుంది, మధ్యలో ఒక పోగు తప్పితే అక్కడి దాకా విప్పాలి. ఇద్దరు కూర్చుంటే వెనకాయన పోగు ఏరి అందిస్తాడు, ముందాయన కొక్కెంతో లాగుతాడు. ఇంకొకరు పక్కన కూర్చుని వరస తప్పకుండా లెక్క చూస్తారు. టీ గ్లాసు మాత్రం అక్కడికి రాకూడదు, ముందే చెప్తున్నా.

నర్సాపురం లేసు · సోమవారం రాత్రి

మరి మా సంగతేంటి? పడుగు పని అంటే క్రోషె చేసేవాళ్ళం ఇంట్లో ఉండాలా? పోయినవారం ఎవరో "అల్లికలు వేరు, నేత వేరు" అన్నారు. సరే వేరే. ఒక్క కొక్కెం, ఒక్క దారం, అంతే మాకు కావలసింది. కరెంటు పోయినా, మగ్గం ఖాళీ లేకపోయినా ఆగం.

మా గోదారి పక్క ఊళ్ళలో లేసు పని పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. మా అమ్మమ్మ, అమ్మ అరుగు మీద కూర్చుని చేసినవే ఎక్కడెక్కడికో ఎగుమతి అయ్యేవి. దారం ఏజెంటు ఇచ్చి పోతాడు, ముక్కకు ఇంత అని లెక్క. అరుగు మీద నలుగురు కూర్చుంటే నలుగురి చేతులూ ఆడుతూనే ఉంటాయి, నోళ్ళూ ఆడుతూనే ఉంటాయి. డిజైన్ పుస్తకం ఎవరి దగ్గరా ఉండేది కాదు. పక్కావిడ చేతిలో ముక్క తిప్పి చూసి గొలుసు కుట్లు లెక్కపెట్టుకుంటే అదే పాఠం. మన నర్సాపురం లేసుకు 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది, కాస్త మర్యాదగా చూడండి.

కదురు · సోమవారం రాత్రి

అయ్యో, ఆ మాట అన్నవాళ్ళు సరదాకి అని ఉంటారు. మీరు రాకపోతే కూటంలో మాటలు ఎవరు చెప్తారు? తప్పకుండా రండి.

పొందూరు పిల్ల · మంగళవారం ఉదయం

కొత్తవాళ్ళకి మగ్గం కాదు, ముందు నూలు వడికే తకిలీ ఇవ్వండి. ఒక చిన్న ఇత్తడి బిళ్ళ, ఒక పుల్ల. సంచిలో పడుతుంది. అందరి చేతికీ ఒకటి ఉంటే ఎవరూ ఖాళీగా నిలబడరు.

మా ఊళ్ళో సన్న ఖద్దరు సంగతి అందరికీ తెలిసిందే, కానీ ఆ సన్నదనం ఎక్కడ మొదలవుతుందో చూసినవాళ్ళు తక్కువ. గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకు వరసగా సన్నటి పళ్ళుంటాయి. గింజను పట్టుకుని దాని మీదుగా లాగితే చెత్త పోయి పీచు ఒకవైపుకు సర్దుకుంటుంది. ఒక్కో గింజా అలాగే. తర్వాత చిన్న పలక మీద ఇనప కడ్డీతో దొర్లించి గింజ తీయడం, విల్లుతో దూది ఏకడం, ఏకులు చుట్టి అరటి డొప్పలో పెట్టుకోవడం. అప్పుడు రాట్నం. ఒకే కదురు (నూలు చుట్టుకునే పుల్ల) ఉన్న రాట్నం మీద నూరో నంబరు నూలు వడుకుతారు. మాస్టారి భాషలో చెప్పాలంటే కిలోకు దాదాపు 169 కిలోమీటర్లు. దీంట్లో ఎక్కువ పాలు ఆడవాళ్ళ పనే, అందులోనూ ఇప్పుడు చేసేవాళ్ళు పెద్ద వయసు వాళ్ళు.

కొత్తపోగు గారూ, మీకో చిట్కా. తకిలీ తిప్పగానే పురి (మెలిక) పైకి ఎక్కుతుంది. పురి ఎక్కిన చోట లాగితే తెగుతుంది. పురి ఇంకా చేరని చోట, వేళ్ళ మధ్య దూది మెత్తగా జారుతున్నప్పుడే లాగాలి. బొటనవేలు గేటు అనుకోండి. ముందు లాగు, తర్వాత గేటు తియ్యి. మొదట్లో లావూ సన్నం లావూ సన్నం వస్తుంది, పట్టించుకోవద్దు. అలా వడికింది పేకలో వాడితే తువ్వాలుకు మంచి గరుకు వస్తుంది.

కొత్తపోగు · మంగళవారం ఉదయం

గేటు మాట బాగా ఎక్కింది. తకిలీ ఎక్కడ దొరుకుతుంది?

పొందూరు పిల్ల · మంగళవారం ఉదయం

ఖాదీ భండారుల్లో అడగండి. లేకపోతే నా దగ్గర అదనంగా ఉన్నాయి, ఆదివారం తెస్తాను. ఏకులు కూడా.

నల్లగొంగడి (నారాయణపేట) · మంగళవారం సాయంత్రం

అందరూ నూలు నూలు అంటున్నరు. మా దిక్కు ఉన్ని ఉంది సామీ. మా తాత గొంగడి నేసిండు, మా నాయినమ్మ వడికింది. దక్కని గొర్రెల నల్ల ఉన్ని, రంగు వేయాల్సిన పనే లేదు. ఇప్పుడు ఆ ఉన్నికి ధర లేక కత్తిరించిన చోటనే పారేస్తున్నరు. బాధ అనిపిస్తది.

కలిసి చేసే పని అంటే మాకు చింతగింజల గంజి. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, నూరి, ఉడికించి జిగట చేస్తరు. దాన్ని ఉన్ని పడుగుకు కుంచెతో పట్టిస్తరు. ఉన్ని పోగులకు నూగు ఎక్కువ, ఆ జిగట లేకపోతే అచ్చు ఆడినప్పుడల్లా ఒకదానికొకటి పట్టుకుంటయ్. మంగళగిరి అన్న చెప్పిన వీధి పని లాంటిదే, బియ్యం గంజి బదులు చింతగింజలు.

ఒక బస్తా ఉన్ని తేగలను. కడగడం, దువ్వడం కూటంలో చేద్దాం. వాసన వస్తది, ముందే చెప్తున్న. హాలు ఓనర్‌కు ఎవరు చెప్తారో మీరే చూసుకోండి.

కదురు · మంగళవారం రాత్రి

ఓనర్‌తో మాట్లాడటం నా వల్ల కాదు, ఆయన నాడె చప్పుడుకే మెట్లు దిగి వస్తున్నారు. ఉన్ని కడిగేది మా ఇంటి డాబా మీద పెట్టుకుందాం.

డాలస్ దారం · బుధవారం (మీకు ఉదయం, నాకు నిద్రపట్టని రాత్రి)

ఇక్కడ మా చేనేత గిల్డ్‌లో, అంటే నేతవాళ్ళ సంఘంలో, ఎలా ఉంటుందో చెప్తాను. అమెరికాలో ఇది దాదాపు పూర్తిగా హాబీ. దేశం మొత్తానికి కలిపి 1969లో మొదలైన హ్యాండ్‌వీవర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా ఉంది, ఊరూరా స్థానిక గిల్డులు ఉంటాయి. మాది చిన్నది. ఎక్కువమంది రిటైరైన అమ్మమ్మలు, ఒకరిద్దరు ఇంజినీర్లు, నేనొక తెలుగావిడ.

రెండు పద్ధతులు నాకు బాగా నచ్చాయి. మగ్గాలు గిల్డువి. సభ్యులు కొద్దిపాటి అద్దె కట్టి ఇంటికి తీసుకెళ్తారు, గడువు అయ్యాక తెచ్చి ఇవ్వాలి. అందుకే కలిసినప్పుడు మగ్గం కోసం ఎవరూ క్యూ కట్టరు. రెండోది, కూర్చోగానే ఒక్కొక్కరూ ఈ వారం చేసింది చేతిలో పట్టుకుని చూపించాలి. పూర్తయినదే కానక్కర్లేదు. చెడిపోయింది చూపిస్తే ఇంకా సంతోషం, దాని చుట్టూ అరగంట మాట్లాడుకుంటారు.

ఒకటి మాత్రం ఇక్కడ లేనిది మీ దగ్గర ఉంది. మా గిల్డులో ఎవరి నాన్నా నేత మీద ఇల్లు నడపలేదు. నేను మా చీరాల వైపు నేతపని గురించి చెప్తే నోరు తెరుచుకుని వింటారు. మీకు బస్సెక్కితే పోచంపల్లి.

ఐడియాల పుట్ట · బుధవారం మధ్యాహ్నం

పోచంపల్లి అంటే గుర్తొచ్చింది. అక్కడి నుంచి ఒక మాస్టర్ వీవర్‌ని పిలిచి నెలకోసారి క్లాస్ చెప్పిస్తే? మనం రీల్స్ చేసి పెడితే ఆయనకి మంచి పబ్లిసిటీ వస్తుంది, ఫీజు కూడా ఇవ్వక్కర్లేదు. చీరలు కూడా తెచ్చుకుని అమ్ముకోవచ్చు. విన్ విన్.

ఆసు ఇల్లు · బుధవారం రాత్రి

నేను ఇక్కడ చదువుతానే కానీ రాయను. ఇవాళ రాయాలనిపించింది.

మాది పోచంపల్లి వైపు. అత్తగారింట్లో చేసేది ఇక్కత్, అంటే నేయకముందే పోగులకు కట్లు కట్టి రంగు వేసే పని. 2021లో పోచంపల్లికి ఉత్తమ పర్యాటక గ్రామం అని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ గుర్తింపు వచ్చింది. మంచిదే, కాదనను. జనం వస్తారు, చూస్తారు. గంటసేపు మగ్గం ఆపిస్తారు, ఎన్ని రోజులు పడుతుంది, ఎంత మిగులుతుంది అని అడుగుతారు. పోయేటప్పుడు షోరూము కన్నా చవగ్గా ఇస్తావా అంటారు. మగ్గం ఆగిన గంటకు మాకు ఎవరూ ఇచ్చింది లేదు. మా ఆయన్ని ఒక కాలేజీవాళ్ళు పిలిచారు, రోజంతా చెప్పించుకుని శాలువా కప్పి పంపించారు. శాలువా మిల్లుది.

పిలవాలంటే పిలవండి. కానీ ఆయన ఆ రోజు నేస్తే వచ్చే కూలి, దాని మీద చెప్పినందుకు ఫీజు, రానూపోనూ ఖర్చు ముందే చెప్పండి. రీల్స్ మీ ఇష్టం.

ఇంకొక మాట. మంగళగిరి అన్న కలిసి చేసే పని గురించి బాగా రాశారు. ఆ కలిసి చేసే పనంతా చేసేది ఎవరు? మా ఇంట్లో ఆసు పోసేది (కట్లకు ముందు దారాన్ని మేకుల మీద పరిచేది) నేను, అంతకుముందు మా అత్త. అర్ధచంద్రంగా మేకులు దిగ్గొట్టిన చెక్క ఉంటుంది, ఇటు చివర ఒక్క మేకు. దారం పట్టుకుని ఇటు నుంచి ఒక్కో మేకుకూ వేసి మళ్ళీ వెనక్కి రావాలి. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడుతుంది. రెక్కలు పడిపోతాయి అంటే ఊరికే అనే మాట కాదు. చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకే కదా ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం చేశారు. దానికి ఆవిడ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చినా, చీర ఎవరు నేశారంటే మగ్గంలో కూర్చున్నాయన పేరే చెప్తారు. ఆసు, కండెలు, రంగుకు ముందు కట్లు కట్టడం, ఇవన్నీ ఆయన కూలిలోనే కలిసిపోతాయి.

మీ కూటంలోనైనా ఎవరు పడుగు పోశారో, ఎవరు కండె చుట్టారో రాసి పెట్టండి.

గుంటమగ్గం · బుధవారం రాత్రి

అక్కా, కాదనడానికి ఏమీ లేదు. మా అమ్మ చుట్టిన కండెల లెక్క నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్ పుస్తకంలో ఎక్కడా లేదు.

ఐడియాల పుట్ట · గురువారం ఉదయం

ఫీజు విషయం సరే, తీసుకున్నా. మనిషికి కొంత వేసుకుంటే అయిపోతుంది. మగ్గం ఆపితే కూలి పోతుందని నాకు తట్టలేదు.

లెక్కల మాస్టారు · గురువారం ఉదయం

మనిషికి కొంత అంటే ఎవరూ ఇవ్వరు బాబూ, అనుభవం మీద చెప్తున్నా. నెల చందాలోనే కలిపి, పాఠం ఉన్నా లేకపోయినా పక్కన పెట్టాలి. కొత్త మగ్గాలకు అనుకున్న డబ్బుందిగా, అందులోంచి మొదలుపెట్టండి. చెప్పేవాళ్ళకు ఆ రోజే, చేతికే ఇవ్వాలి. "అకౌంట్‌లో వేస్తాం" అనే మాట వద్దు.

పుస్తకం నేను రాస్తాను. ఒక్కో పడుగుకు ఒక పేజీ. నూలు ఎంత, పోగులు ఎన్ని, ఎవరు పోశారు, ఎవరు లాగారు, ఎవరు నేశారు. తువ్వాలుకు చిన్న చీటీ కుట్టి అందరి పేర్లూ దాని మీద రాద్దాం.

నర్సాపురం లేసు · గురువారం ఉదయం

చీటీ కుట్టేది నేను. తువ్వాలు అంచుకు లేసు వేసేది కూడా నేనే, ఎవరూ అడ్డం చెప్పకండి.

ఐడియాల పుట్ట · గురువారం మధ్యాహ్నం

అయితే ఆగస్టు 7న స్టాల్ పెడదామా? జాతీయ చేనేత దినోత్సవం కదా. మన తువ్వాళ్ళు కూడా చేనేతే.

గుంటమగ్గం · గురువారం మధ్యాహ్నం

స్టాల్ మాత్రం వద్దు. ఆ రోజు 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజు అని 2015 నుంచి జరుపుతున్నారు. స్టాళ్ళు పెట్టే మైదానంలో మా నాన్నలాంటి వాళ్ళు ఏడాది సరుకు అమ్ముకోవడానికి వస్తారు. మనం ఆదివారాలు సరదాగా నేసిన తువ్వాలు పక్కన పెడితే రెండిట్లో ఒకటే అవుతుంది. మన ధర తక్కువైతే వాళ్ళ బేరం పాడు. ఎక్కువైతే "చేనేత అంటే ఇంత రేటా" అని కొనేవాళ్ళు వాళ్ళని కూడా దాటిపోతారు. మనకి జీతం వస్తోంది, తువ్వాలు అమ్మకపోతే పొయ్యి ఆగదు.

డాలస్ దారం · గురువారం సాయంత్రం

ఇక్కడ గిల్డులు అమ్మకాలు పెడతాయి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. పక్కన నేత మీద బతికేవాళ్ళ వీధి లేదు కాబట్టి. మీ దగ్గర గుంటమగ్గం అన్నదే కరెక్ట్ అనిపిస్తోంది.

నల్లగొంగడి · గురువారం సాయంత్రం

నేను పూర్తిగా ఒప్పుకోను. నూలు సంగతి వేరు, నేసేవాళ్ళు ఉన్నరు. గొంగడి కొనేటోళ్ళు లేకనే నేసేటోళ్ళు బంద్ చేసిండ్రు. మనం నల్ల ఉన్నితోని చాపలో, సంచులో చేసి నలుగురికి చూపిస్తేనే కదా ఉన్నికి గిరాకీ వచ్చేది? అమ్మకపోయినా చూపించాలె.

కదురు · గురువారం రాత్రి

చూపిద్దాం, అమ్మొద్దు. ఉన్ని కావాలని అడిగినవాళ్ళకు మీ ఊరి కాపరుల ఫోను నంబరు, వాళ్ళని అడిగాకే, ఇద్దాం. ఉన్ని విషయంలో ఇంకా వాదన ఉంటే డాబా మీద చేసుకుందాం, అక్కడ చేతులు కూడా తడిగా ఉంటాయి కాబట్టి ఎవరూ ఫోను తీయరు.

కొత్తపోగు · శుక్రవారం ఉదయం

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నిన్న హాలు తాళం తీసుకుని ఒక్కదాన్నే చిన్న మగ్గం మీద ప్రయత్నించాను. పేకను దగ్గరికి నెట్టే పలక కొట్టినప్పుడల్లా పడుగు పోగు ఒకటి ఫట్‌మని తెగుతోంది. అంచు పక్కవే ఎక్కువ. నా చెయ్యి బరువా, నూలు మంచిది కాదా?

గుంటమగ్గం · శుక్రవారం ఉదయం

ఫ్యాను వేసుకుని కూర్చున్నారా?

కొత్తపోగు · శుక్రవారం ఉదయం

ఫుల్ స్పీడులో.

గుంటమగ్గం · శుక్రవారం ఉదయం

అదే. నూలు పోగు తేమ ఉంటే గట్టిగా ఉంటుంది, ఎండితే పెళుసు. నాన్నవాళ్ళు గుంట తవ్వి నేల మట్టంలో పడుగు పరిచేది కాళ్ళకు చోటు కోసం ఒక్కటే కాదు, నేల చెమ్మ పడుగుకు తగులుతుంది. ఎండాకాలం గుంట పక్కన నీళ్ళు చల్లుతారు. మీరు ఫ్యాను ఆపి, మగ్గం కింద తడిగుడ్డ పరవండి. పడుగు మీద నీళ్ళు పోసేయకండి, గంజి పోతుంది.

అంచు పోగులు తెగడానికి ఇంకో కారణం ఉంది. మీరు పేక బిగించి లాగుతున్నారు, గుడ్డ నడుము లోపలికి పోతోంది. అప్పుడు అచ్చు పళ్ళకు అంచు పోగులే రాసుకుంటాయి. పేకని తిన్నగా కాకుండా కాస్త ఏటవాలుగా వదిలి, తర్వాత పలక కొట్టండి. వెడల్పు స్కేలుతో కొలుస్తూ ఉండండి. తెగిన పోగుకి కొత్త ముక్క ఎలా ముడెయ్యాలో ఆదివారం చూపిస్తా. వేళ్ళకు కాస్త బూడిద రాసుకుంటే జారదు.

ఆసు ఇల్లు · శుక్రవారం సాయంత్రం

ముడి నేను చూపిస్తాను. ఈ ఆదివారం సికింద్రాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉంటా. డబ్బులొద్దు ఈసారికి, చూడ్డానికి వస్తున్నా.

లెక్కల మాస్టారు · శుక్రవారం సాయంత్రం

చూడ్డానికి వస్తే టీ. ముడి చూపిస్తే ఫీజు. మీరు పెట్టిన రూలే అమ్మా.

కదురు · శనివారం ఉదయం

మాస్టారన్నట్టే చేద్దాం. రేపటి సంగతి: మూడు మగ్గాలూ ఇళ్ళకు వెళ్తున్నాయి, ఒకటి కొత్తపోగు ఇంటికి. నెల తర్వాత గుడ్డతో సహా వెనక్కి రావాలి. రేపు హాల్లో ఒక పడుగు పోస్తాం, మాస్టారు చెప్పిన 432 పోగులదే. రెండు రంగులు, నీలం, తెలుపు. పొందూరు పిల్ల కిటికీ పక్కన తకిలీలతో కూర్చుంటుంది. లేసువాళ్ళు ఎక్కడ కూర్చుంటారో నేను చెప్పేది ఏముంది, గుమ్మం దగ్గరే కూర్చుంటారు. ఉన్ని కడిగేది వచ్చే వారం, మా డాబా మీద. పాత చీరలు నాలుగు ఎవరైనా తెస్తే ఆరబెట్టడానికి పనికొస్తాయి.

కొత్తపోగు · శనివారం ఉదయం

మగ్గం ఆటోలో పడుతుందా అక్కా? మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

నల్లగొంగడి · శనివారం ఉదయం

విప్పితే నాలుగు కర్రలు. నేనొచ్చి బిగించి ఇస్తా. పడుగు ఎక్కించినంక మాత్రం విప్పరాదు, మోసుకునే పోవాలె. రేపు ఖాళీదే పట్టుకపోదాం.